గడ్డికి గాలి

జూన్ 4

మామయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, ఇక్కడ నిద్రపోతున్న పదకొండు మంది పిల్లలు ఒక్కసారి లేచి రాగం మొదలెడతారు. అందుకే ఉత్తరం. అత్తయ్యతో చదివించుకోనక్కర్లేకుండా అక్షరాలు లావుగా రాస్తున్నాను. మోకాలు ఎలా ఉంది? ఆపరేషన్ చేసిన డాక్టరు ఎంత నడవమంటే అంతే నడువు, ఆయనకి కూడా పాఠాలు చెప్పకు.

అసలు సంగతికి వస్తాను. నా క్రెష్ నీకు తెలుసుగా. ముందు రెండు గదులు, వెనక వంటగది, పక్కన ఇరవై అడుగుల వెడల్పున లాన్. ఈ ఇల్లు అద్దెకి తీసుకున్నదే ఆ లాన్ చూసి. నడక నేర్చుకునే పిల్లలు రోజుకి నలభై సార్లు పడతారు. గడ్డి మీద పడితే వాళ్ళే లేచి, చుట్టూ చూసి, ఎవరూ కంగారు పడకపోతే నవ్వేస్తారు. ఆ లాన్ ఇప్పుడు చచ్చిపోతోంది మామయ్యా. మధ్యలో బట్టతల. మిగతాదంతా పసుపు. నేల రాయిలా ఉంది, నీళ్ళు పోస్తే ఒక్క చుక్క ఇంకదు. మొన్న మొదటి వాన పడింది, మూడు రోజులు మడుగు. నేను బుడంకాయ అని పిలిచే రెండేళ్ళ వాడొకడున్నాడు, అందులో జారిపడి పెదవి చిట్లించుకున్నాడు. వాళ్ళమ్మ పోస్టాఫీసులో పనిచేస్తుంది. ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి వాణ్ణి పంపడం మానేసింది. నాలుగు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఇంటి ఓనరుగారు వచ్చి చూసి, "జూలై నెలాఖరుకి సిమెంటు పోయించేస్తానమ్మా, కడుక్కోవడానికి హాయి" అన్నారు. మేస్త్రీకి కూడా చెప్పేశారట. సిమెంటు పోస్తే నేను క్రెష్ మూసేస్తాను. బెదిరింపుకి అనట్లేదు. కాళ్ళు కుదురుకోని పిల్లల్ని సిమెంటు మీద వదలడం నా వల్ల కాదు, ఇలా లాన్ ఉన్న ఇల్లు నాకు అందే అద్దెలో మళ్ళీ దొరకదు.

ముప్ఫై ఎనిమిదేళ్ళు స్టేడియంలో పిచ్ తయారుచేసినవాడివి. నువ్వు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేస్తూనే ఉన్నాను, ఒక్క వారం కూడా మానలేదు. అయినా ఇలా ఎందుకైందో తెలియడం లేదు. ఇప్పుడేం చెయ్యమంటావు?

నీ మేనకోడలు

*

జూన్ 9

గడుగ్గాయికి,

మోకాలి సంగతి అడక్కు. అది నా మాట మానేసి మీ అత్తయ్య మాట వింటోంది. ఆవిడ "కూర్చో" అంటే మడుచుకుంటుంది, "లే" అంటే లేస్తుంది. ఇంకో ఆరు వారాలు బస్సెక్కకూడదని డాక్టరు గీత గీశాడు. నేను రాకపోతే ఏం, నా బుర్ర ఉత్తరంలో వస్తుంది.

నీ ఉత్తరం సగం చదివేసరికే రోగం తెలిసిపోయింది. మిగతా సగం మర్యాద కోసం చదివాను. మీ లాన్‌కి ఊపిరాడట్లేదు. అంతే! అందరూ గడ్డికి నీళ్ళు, ఎరువు అంటారు గానీ గాలి గురించి ఒక్కడూ ఆలోచించడు. వేళ్ళు కూడా ఊపిరి పీల్చుకోవాలే. వదులుగా ఉన్న మట్టిలో సందులుంటాయి, ఆ సందుల్లో గాలి ఉంటుంది, వాన పడితే నీళ్ళు వాటిల్లోంచే కిందికి దిగుతాయి, వేళ్ళు కూడా ఆ దారినే పోతాయి. పదకొండు మంది పిల్లలు, ఇరవై రెండు పాదాలు, మూడేళ్ళు. తొక్కితొక్కి సందులన్నీ మూసుకుపోయాయి. పైన పోసిన నీళ్ళకి కిందికి దారి లేదు, కింద ఉన్న వేళ్ళకి ఊపిరి లేదు. నువ్వెన్ని ఎరువులు వేసినా గొంతు పట్టేసినవాడి ముందు విస్తరి వేసినట్టే.

మందు చెప్తాను, రాసుకో. ముందు రోజు బాగా తడుపు. మర్నాడు తోటపని ఫోర్కు, నాలుగు పళ్ళది, కాలితో తొక్కి మూడు అంగుళాలు దించి, పిడిని కొద్దిగా వెనక్కి వంచి తియ్యి. పిడికెడు దూరంలో మళ్ళీ దించు. మొత్తం లాన్ అంతా అలాగే. వానలు మొదలయ్యాయి, గడ్డి ఎదిగే కాలం ఇదే, పెట్టిన చిల్లు కొత్త వేళ్ళతో నిండుతుంది. ఇదే పని ఎండల్లో చేస్తే ఉన్న వేళ్ళు కూడా మాడిపోతాయి. కాబట్టి అదృష్టవంతురాలివి.

ఒకసారి పెద్ద మ్యాచ్‌కి వారం ముందు మా స్టేడియం బౌండరీ దగ్గర నీళ్ళు నిలిచాయి. ఇంజనీర్లు వచ్చారు, కాగితాలు పరిచారు, కాఫీలు తాగారు. నేను ఫోర్కు పట్టుకుని వెళ్ళి రెండు రోజుల్లో ఎండబెట్టాను. వాళ్ళ కాఫీ కప్పులు కూడా నేనే తీయించాను.

పదిహేను రోజుల్లో మీ ఓనరు నోరు మూతపడుతుంది. కావాలంటే గోడ మీద రాసుకో.

మామయ్య

*

జూన్ 16

మామయ్యా,

గోడ మీద రాయలేదు, మంచిదైంది.

నువ్వు చెప్పినట్టే శనివారం తడిపాను. ఆదివారం పొద్దున్న కొత్త ఫోర్కు తెచ్చి కాలితో తొక్కాను. దిగలేదు. రెండు కాళ్ళతో ఎక్కాను. దిగలేదు. మా ఆయమ్మ బరువు నీకు తెలుసుగా, "తప్పుకోమ్మా, నేనొస్తున్నా" అని ఎక్కింది. ఫోర్కు పళ్ళు రెండు వంగిపోయాయి. ఆయమ్మ కిందపడి, లేచి, "నేల కాదిది, మా అత్తగారి మనసు" అంది.

హార్డ్‌వేర్ షాపాయనకి వంగిన ఫోర్కు చూపిస్తే చెప్పుల కింద కట్టుకునే మేకుల పలకలు ఇచ్చాడు. వాటితో నడిస్తే చాలు, చిల్లులు వాటంతటవే పడతాయన్నాడు. సరేనని ఆయమ్మ కట్టుకుంది. మొదటి అడుగు వేసింది, రెండో అడుగు వేసింది, మూడో అడుగుకి చెప్పులు నేలలోనే ఉండిపోయాయి, ఆయమ్మ మాత్రం ముందుకి వెళ్ళింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మళ్ళీ చెయ్యమని ఇప్పటికీ అడుగుతున్నారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ మామయ్యా, నాకు లోపల భయంగా ఉంది. ఇద్దరు తల్లులు గేటు దగ్గర నిలబడి లాన్ వైపు చూపించి ఏదో మాట్లాడుకున్నారు. ఓనరుగారి మేస్త్రీ వచ్చి టేపుతో కొలతలు తీసుకుని వెళ్ళాడు. కొలిచినంతసేపూ నేను పిల్లలకి పాట పాడుతూనే ఉన్నాను, ఏం పాడానో నాకే తెలియదు.

నీ మేనకోడలు

*

జూన్ 21

గడుగ్గాయికి,

ఆ హార్డ్‌వేర్ షాపువాణ్ణి నా ముందుకి తీసుకురా. మేకు దించితే మట్టి ఎక్కడికి పోతుందే? గాల్లోకి పోదుగా. పక్కకి జరుగుతుంది, చిల్లు చుట్టూ ఇంకా బిగుసుకుంటుంది. నిండు బస్సులో ఇంకొకణ్ణి దూర్చినట్టు. ఆ పలకలు పాత సామాన్లవాడికి వేసెయ్.

ఇక ఫోర్కు. పళ్ళు వంగాయన్నావు చూడు, అక్కడ దొరికిపోయాడు దొంగ. నేను చూడని నేల లేదు. తడిపిన మట్టిలో ఉక్కు పళ్ళు వంగాయంటే కింద ఉన్నది మట్టి కాదు, ఇటుక ముక్కలు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన చెత్తంతా అక్కడ పూడ్చి, పైన అంగుళం మందాన మట్టి పోసి, గడ్డి పరిచి నీకు అంటగట్టాడు మీ ఓనరు. ఇప్పుడు సిమెంటు పోస్తానంటున్నాడంటే ఎందుకనుకున్నావు? గుట్టు బయటపడకుండా! నిలదియ్యి. మొహమాటపడ్డావంటే మునిగావన్నమాటే.

మామయ్య

ఈయన మాటలకేం గానీ తల్లీ, ఓనరుగారితో కాస్త చూసి మాట్లాడు. కూర్చున్న చోటునుంచి దొంగల్ని పట్టేస్తున్నారు ఈ మధ్య. మొన్న పాలవాడిని కూడా పట్టారు, తీరా చూస్తే గిన్నెకి చిల్లు. — అత్తయ్య

*

జూన్ 30

మామయ్యకి,

నిలదీశాను.

మా ఓనరుగారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరైనవారు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటారు, గేటు తీసినా వేసినా చప్పుడు రానివ్వరు. అలాంటి మనిషిని వరండాలో నిలబెట్టి, "కింద ఇటుక ముక్కలు పూడ్చి నాకు అద్దెకిచ్చారు" అన్నాను. "ఎవరు చెప్పారమ్మా?" అన్నారాయన. "నేలల గురించి తెలిసినవాళ్ళు చెప్పారు" అన్నాను. మర్నాడు ఇద్దరు కూలీల్ని తెచ్చి లాన్ మూల మోకాలిలోతు గొయ్యి తవ్వించారు. ఇటుక లేదు. పెంకు లేదు. ఒక్క గులకరాయి లేదు. నల్లటి మంచి మట్టి. గొయ్యి పక్కన నిలబడి ఆయన, "నలభై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పాను. నన్ను మోసగాడన్నవాళ్ళు ఇప్పటిదాకా లేరు" అన్నారు. గొంతు పెంచలేదు. నాకు ఆ గోతిలోనే దిగిపోవాలనిపించింది.

సిమెంటు పని నెలాఖరుకి కాదు, జూలై ఇరవైకే పెట్టేశారు. అడిగే మొహం కూడా లేదు నాకిప్పుడు.

నీ మీద కోపం వచ్చింది మామయ్యా. చిన్నప్పటి నుంచి ఎప్పుడూ రాలేదు, ఇప్పుడు వచ్చింది. చూడకుండా ఎలా చెప్పేశావు? నేను కూడా ఒక్క క్షణం ఆలోచించకుండా ఎలా వెళ్ళి అనేశాను?

గొయ్యి తవ్వినప్పుడు పైపొర నుంచి విడిపోయిన మట్టి గడ్డ ఒకటి టిఫిన్ డబ్బాలో పెట్టి పార్సెల్ చేస్తున్నాను. ఈసారి చేత్తో పట్టుకుని చూశాకే రాయి. డబ్బా తిరిగి పంపు, అది ఆయమ్మది.

నీ మేనకోడలు

*

జూలై 5

గడుగ్గాయికి,

నీ కోపం అందింది. ఘాటుగానే ఉంది. ఇటుకల విషయంలో పొరపాటు పడ్డాను, సరే. మనిషన్నాక పడతాడు. మీ అత్తయ్య రెండు రోజులుగా "ఇటుకలు, ఇటుకలు" అంటూ తిరుగుతోంది, ఆ శిక్ష చాలు.

డబ్బా వచ్చింది. ఇప్పుడు చెప్పేది చేత్తో పట్టుకుని చెప్తున్నదే.

గడ్డని బాల్కనీలోకి తీసుకెళ్ళి వెలుతురులో విరిచాను. పొడిపొడిగా రాలలేదు, ముద్దగానూ లేదు. పలకలు పలకలుగా విడింది. ఒక్కో పలకా అట్టముక్కంత పల్చగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. వేళ్ళు రెండో పలక దాకా వచ్చి, దిగలేక, అడ్డంగా తిరిగి పాకాయి. గోటితో గీశాను, గీత పడలేదు. నాకు ఈ మట్టి తెలుసే! ముప్ఫై ఎనిమిదేళ్ళు చేతుల్తో చేసిన మట్టి ఇది. ఇది లాన్ కాదు, పిచ్. బంతి వేస్తే భుజం దాకా లేస్తుంది.

పిల్లల పాదాలకి ఇంత పనితనం రాదు. ఆ మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. సాయంత్రం తడపాలి, పొద్దున్న రోలర్ తిప్పాలి, మళ్ళీ తడపాలి, మళ్ళీ తిప్పాలి. ఏళ్ళ తరబడి, ఒక్క వారం తప్పకుండా. అలా అయితేనే పలకలు కడుతుంది. ఎవరో పని తెలిసినవాడు మీ లాన్ మీద రోలర్ తిప్పుతున్నాడు. సెలవు రోజుల్లో నువ్వు లేనప్పుడు వస్తున్నాడేమో. మీ ఓనరు మనిషేమో, నేను పేరు చెప్పను, ఒకసారి చెప్పి చూశాను. కానీ గేటుకి తాళం వెయ్యి. వాడెవడో ముందు కనిపెట్టు.

మామయ్య

*

జూలై 8

మామయ్యా,

తిప్పుతున్నది నేనే.

నువ్వు నిజంగానే మరిచిపోయావా? మూడేళ్ళ క్రితం నేను ఈ ఇంట్లోకి దిగిన రోజు వ్యాన్‌లో నువ్వే పంపావు, స్టేడియం వాళ్ళు తీసేస్తుంటే అడిగి తెచ్చుకున్న చిన్న రోలర్. వెనకాలే నువ్వొచ్చావు. అప్పుడే కొత్త గడ్డి పరిచారు, ఎగుడు దిగుడుగా ఉంది. నువ్వు చెప్పులు విడిచి దాని మీద నడిచి, "ఆదివారం సాయంత్రం తడుపు, సోమవారం పొద్దున్నే రోలర్ తిప్పు, నేల నీ మాట వింటుంది" అన్నావు. అంతే, ప్రతి సోమవారం పొద్దున్న ఆరింటికి, పిల్లలు వచ్చేలోపు, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. జ్వరం వచ్చిన వారం ఆయమ్మ చేత తిప్పించాను. చెల్లెలి పెళ్ళికి వెళ్ళినప్పుడు కూడా ఆదివారం రాత్రి బస్సుకి వెనక్కి వచ్చేశాను, అందరూ తిట్టారు. నూట యాభై వారాలు పైనే. ఈ సోమవారం కూడా తిప్పాను. గడ్డి పాడవుతున్న కొద్దీ ఇంకోసారి ఎక్కువ తిప్పాను, నా వల్ల లోటు ఉండకూడదని.

ఎందుకని ఎప్పుడూ అడగలేదు. అమ్మ అనేదిగా, "మామయ్య చెప్పాడంటే ఇంక అడగడానికేముంది" అని.

తప్పు చేశానా?

*

జూలై 10

తల్లీ,

నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు. చేసింది నేను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అత్తయ్య వచ్చి చేతిలోంచి కాగితం తీసుకుని చదివింది. ఇటుకల మాట ఎత్తలేదు. నా పక్కన కూర్చుంది.

కొత్త గడ్డి పరిచినప్పుడు వేళ్ళు నేలకి తగలాలి కాబట్టి మూడు నాలుగు వారాలు తేలిగ్గా రోలర్ తిప్పుతారు. ఆ తర్వాత ఆపేస్తారు. నేను చెప్పింది ఆ నాలుగు వారాలకే. మొదలుపెట్టమన్నాను, ఆపమని చెప్పలేదు. అంతకు ముందు ముప్ఫై ఎనిమిదేళ్ళు నాకు ఆపే అవసరం రాలేదు. పిచ్ మనిషికి నేల ఎంత గట్టిపడితే అంత పేరు. ఆ రోజు నీ లాన్ మీద నిలబడి కూడా నేను పిచ్ మీదే ఉన్నాను. తర్వాత నాకు గుర్తు కూడా లేదు. నువ్వు మాత్రం పెళ్ళి వదులుకుని వచ్చి తిప్పావు. ఆ సంగతి చదివినప్పుడు ఏడ్చాను, దాచడం ఎందుకు.

సరే. ఏడుపు అయింది. పని చూద్దాం. ఇరవైకి ఇంకా పది రోజులుంది, నేల కన్నా నేను మొండివాణ్ణి.

స్టేడియంలో మా సామాన్లకి అతుకులు వేసిన వెల్డరు ఇంకా కొట్టు నడుపుతున్నాడు. నిన్న ఆటోలో వెళ్ళి అతని పక్కన కూర్చుని ఒక పనిముట్టు చేయించాను. (డాక్టరు బస్సెక్కొద్దన్నాడు, ఆటో సంగతి ఎత్తలేదు.) కింద రెండు బోలు గొట్టాలు, అంచులు కత్తిలా అరగదీసినవి. పైన కాలు పెట్టడానికి కడ్డీ, పట్టుకోవడానికి పిడి. మేకులాగా మట్టిని పక్కకి నెట్టదు. దించి లాగితే వేలెడు మట్టి గొట్టంలోకి వచ్చేస్తుంది, తర్వాతిసారి దించినప్పుడు పైనుంచి జారి బయటపడుతుంది. తీసిన మట్టికి సరిపడా చోటు లోపల ఖాళీ అవుతుంది. మిగిలిన మట్టి ఆ ఖాళీలోకి మెల్లగా సడలుతుంది. నీళ్ళూ గాలీ వేళ్ళూ అన్నీ అక్కడినుంచే.

గోనె సంచులు తడిపి రెండు రోజులు లాన్ మీద పరిచి ఉంచు, వాటి మీద పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లు. అప్పుడు పని మొదలెట్టు. బురదగా ఉంటే ఆగు, పిసికినట్టవుతుంది. మొదటిసారి రెండు అంగుళాలే దిగినా కంగారు పడకు. బయటికొచ్చిన మట్టి కడ్డీలు చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి. ఊడ్చి పారెయ్యకు, అవి ఎండి పొడై మళ్ళీ నేలలోనే కలుస్తాయి. అంతా అయ్యాక ఇసుకా, మాగిన ఎరువూ కలిపి పల్చగా చల్లి చీపురుతో చిల్లుల్లోకి తొయ్యి. పది రోజుల్లో గడ్డి పచ్చబడదు, అబద్ధం చెప్పను. కానీ మొదటి వానకే నీళ్ళు దిగుతాయి. ఇది మాత్రం ఒట్టేసి చెప్తున్నాను.

రోలర్ పాత ఇనుముకి అమ్మేసి పిల్లలకి బంతులు కొను.

మామయ్య

*

జూలై 22

మామయ్యా,

అన్నీ వరసగా చెప్తాను, మధ్యలో అత్తయ్యని పిలవకుండా చదువు.

పనిముట్టు పదమూడున వచ్చింది. సంచులు అప్పటికే రెండు రోజులుగా తడిపి ఉంచాను. మొదటిసారి కాలు పెట్టి తొక్కితే కసుక్కున దిగింది మామయ్యా! పైకి లాగితే గొట్టం నిండా మట్టి. ఆ శబ్దం విని ఆయమ్మ వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది. పొద్దున్న పిల్లలు రాకముందు గంట, సాయంత్రం వెళ్ళాక రెండు గంటలు, ఇద్దరం మార్చి మార్చి నాలుగు రోజులు. నా అరిచేతులు చూస్తే బావి తవ్వినదాన్ననుకుంటావు. మట్టి కడ్డీలు వేలల్లో పడ్డాయి. ఒక తండ్రి గేటు దగ్గర ఆగి, చాలా మర్యాదగా, "రాత్రిళ్ళు ఇక్కడ మేకలు పడుకుంటున్నాయాండీ?" అని అడిగాడు. నువ్వు చెప్పినట్టు ఊపిరి గురించి, వేళ్ళ గురించి అతనికి పావుగంట పాఠం చెప్పాను. పారిపోలేదు, మర్నాడు చీపురు తెచ్చుకుని వచ్చి ఎరువు చిల్లుల్లోకి తోశాడు.

ఇరవైన పొద్దున్న కుండపోత వాన. గంటసేపు. నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. మొదట ఎప్పటిలాగే నీళ్ళు తెల్లగా పరుచుకున్నాయి. తర్వాత చిన్న చిన్న బుడగలు రావడం మొదలైంది. లాన్ అంతా, ఎక్కడ చిల్లు పెట్టామో అక్కడ, టపటపా బుడగలు. లోపల గాలి బయటికి, నీళ్ళు లోపలికి. వాన ఆగిన పావుగంటకి మడుగు లేదు. ఆయమ్మ నన్ను కావలించుకుని ఎత్తి తిప్పింది.

పదింటికి ఓనరుగారు, మేస్త్రీ వచ్చారు. ఓనరుగారు లాన్ అంచున నిలబడి చూశారు. మేస్త్రీని బకెట్ నిండా నీళ్ళు తెమ్మని, ఆ బట్టతల ఉన్న చోటే పోయించి, చేతి గడియారం చూస్తూ నిలబడ్డారు. లెక్కల మాస్టారు కదా! నీళ్ళు పోయాక వంగి, వేలు పెట్టి నేల నొక్కి చూశారు. "డెబ్బై సెకన్లు" అన్నారు.

తర్వాత జేబులోంచి ఒక ఉత్తరం తీసి నా చేతికిచ్చారు. నీ దస్తూరి.

నువ్వు ఆయనకి రాశావని నాకు చెప్పలేదు మామయ్యా. నేను చదివింది నీకే మళ్ళీ రాస్తున్నాను, నువ్వేం రాశావో నీకు తెలియాలి. "అయ్యా, మీరు ఇటుకలు పూడ్చారని నా మేనకోడలి చేత అనిపించినవాణ్ణి నేను. మీ నేల మంచిది, దాన్ని పాడుచేసిందీ నేనే, నా తప్పుడు సలహాతో. ఆ పిల్ల నా మాట విన్నది, అంతకు మించి ఆమె తప్పు లేదు. నాకు కోపం వస్తే గట్టిగా అరుస్తాను గానీ క్షమాపణ అడగడం అలవాటు లేదు, అందుకని మాటలు సరిగా కుదరకపోతే మన్నించండి. సిమెంటు పోసే ముందు ఒక్క వాన చూడండి." మెట్ల మీద కూర్చుని చదివాను. ఓనరుగారు నేను చదివేదాకా ఆగి, "మీ మామయ్యగారికి మాటలు బాగానే కుదిరాయి" అన్నారు. నేను కూడా ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాను. అది నీ ఉత్తరంతో తీరేది కాదుగా, నోరు జారింది నేను.

మేస్త్రీని పంపించేశారు. సిమెంటు లేదు మామయ్యా! అగ్రిమెంటు ఇంకో మూడేళ్ళకి రాయిస్తానన్నారు. క్రెష్ ఉంటుంది. పోస్టాఫీసు అమ్మకి నేనే వెళ్ళి చెప్పాను, వచ్చి చూసింది, సోమవారం నుంచి బుడంకాయ వస్తున్నాడు.

ఇప్పుడొక ప్రశ్న. లాన్ అంతా కొద్దికొద్దిగా ఆకుపచ్చ తిరుగుతోంది గానీ కుళాయి పక్కన ఒక మూల ఇంకా పసుపే. మిగతా చోట ఏం చేశామో అక్కడా అదే చేశాం. చిల్లులు పెట్టాం, ఎరువు వేశాం. నీళ్ళు కూడా దిగుతున్నాయి. ఎందుకంటావు?

నీ మేనకోడలు

*

జూలై 27

గడుగ్గాయికి,

నీ ఉత్తరం అత్తయ్యని పిలవకుండానే చదివాను. సగంలో ఆవిడే వచ్చి భుజం మీంచి చదివేసింది. బకెట్ దగ్గర ఇద్దరం ఒకేసారి "హమ్మయ్య" అన్నాం. డెబ్బై సెకన్లు! మాస్టారికి నా నమస్కారాలు చెప్పు. గడియారం పెట్టి నేలని చూసిన మనిషి అంటే నాకు గౌరవం.

కుళాయి మూల సంగతి. నువ్వు అడగగానే మూడు కారణాలు నోటిదాకా వచ్చాయి. కలం కూడా తీశాను. ఒకటి రాసి కొట్టేశాను, రెండోది రాసి కొట్టేశాను, ఆ కాగితమే పారేసి ఇది మొదలుపెట్టాను.

నాకు తెలియదే. ఉత్తరంలో ఈ మాట రాయడం ఇదే మొదటిసారి. రాశాక చూస్తే అంత కష్టంగా ఏమీ లేదు. వచ్చి, కూర్చుని, ఆ మట్టి చేత్తో తీసి చూస్తే గానీ చెప్పలేను, అప్పుడు కూడా తెలియకపోవచ్చు. డాక్టరు బస్సెక్కమన్నాడు. శనివారం పొద్దున్నకి మేమిద్దరం అక్కడుంటాం. అప్పటిదాకా ఆ మూలని ఏమీ చెయ్యకు.

వచ్చాక నేనేదైనా చెయ్యమంటే వెంటనే లేవకు. ఎందుకని అడుగు. ఎన్నాళ్ళని కూడా అడుగు.

మామయ్య